పిక్కలదాకా నీళ్ళు: ఎలుక జ్వరం సర్వేలో నా ఆరు నెలలు

వానాకాలంలో మా ల్యాబ్‌కి వచ్చే జ్వరం శాంపిళ్ళకి ముందు మలేరియా చూస్తాం, తర్వాత డెంగీ, ఆ తర్వాత టైఫాయిడ్. మూడూ నెగెటివ్ వస్తే కేసు షీటు మీద ‘వైరల్ ఫీవర్’ అని పడుతుంది. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పాసై పనిలో చేరిన దగ్గర్నుంచి ఇదే చూస్తున్నాను. లెప్టోస్పైరోసిస్ అన్న పేరు పరీక్షల కోసం చదివాను. దాన్నే ఎలుక జ్వరం అని పేపర్లో రాస్తే చూశాను. దానికి టెస్టు రాసిన చీటీలు మాత్రం నా చేతికి ఏడాదికి రెండో మూడో వచ్చేవి. అవి కూడా రోగి కళ్ళు పచ్చబడి, మూత్రం తగ్గిపోయాక వచ్చేవి.

నిరుడు ఎండాకాలంలో ఒక పీజీ డాక్టరు గారు మా ల్యాబ్‌కి వచ్చారు. విశాఖ చుట్టుపక్కల పల్లెల్లోనూ, సిటీలోనూ మామూలుగా తిరుగుతున్న మనుషుల్లో ఎంతమందికి ఈ ఇన్ఫెక్షన్ సోకిందో రక్తపరీక్షల ద్వారా చూడటం ఆవిడ థీసిస్. ఇల్లిల్లూ తిరిగి రక్తం తీయడానికి, తర్వాత టెస్టులు చేయడానికి ఒక టెక్నీషియన్ కావాలన్నారు. నేను వస్తానన్నాను. "నువ్వేమనుకుంటున్నావు, పల్లెలో ఎక్కువుంటుందా, సిటీలోనా?" అని ఆ రోజే అడిగారు. పల్లెలోనే మేడం అన్నాను, ఆలోచించకుండా. పొలం, బురద, పశువులు అన్నీ అక్కడే కదా అని. నేను పుట్టి పెరిగింది సిటీలోనే, కంచరపాలెంలో. మా వీధి చివర గెడ్డ, అంటే పెద్ద కాలువ, ఉంది. అయినా ఆ జవాబు చెప్పేటప్పుడు గెడ్డ గుర్తుకు రాలేదు.

మొదటి పని, ఎంతమంది రక్తం తీయాలో తేల్చడం. దానికో ఫార్ములా ఉంది. అందులో, ఎంతమందికి సోకి ఉండొచ్చో ఒక అంచనా ముందే వేసుకోవాలి. అది తెలుసుకోవడానికే కదా మనం వెళ్తున్నది అన్నాను. మేడం వేరే చోట్ల జరిగిన సర్వేలు తీసి నా ముందు పెట్టారు. ఒకటి అండమాన్‌ది. అక్కడ ఈ జబ్బు సోకే పనులు చేసే వాళ్ళని పరీక్షిస్తే మొత్తం మీద 52.7 శాతం మంది రక్తంలో గుర్తులు దొరికాయి. పొలం పని చేసే వాళ్ళలో అయితే 62.5 శాతం, మురుగు పని చేసే వాళ్ళలో 39.4 శాతం. అలాంటి పనులేవీ చేయని వాళ్ళలో కూడా 14.7 శాతం ఉంది. రెండోది బ్రెజిల్‌లోని సాల్వడార్ నగరంలో ఒక మురికివాడది. 3,171 మందిని చూస్తే 15.4 శాతం మందిలో కనిపించింది. మూతలేని మురుగు కాలువకీ, చెత్తకుప్పకీ దగ్గరగా ఉండే ఇళ్ళలో ఇంకా ఎక్కువ. అక్కడ వరి లేదు, నాట్లు లేవు. ఇళ్ళూ, కాలువలూ, ఎలుకలూ అంతే. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన చూశాకే నేను చెప్పిన జవాబు తొందరపాటని మొదటిసారి అనిపించింది.

మన దేశంలో ఈ జ్వరం అనగానే కేరళ, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, గుజరాత్, అండమాన్ పేర్లు చెబుతారు. ముంబైలో 2005 వరదల తర్వాత, కేరళలో 2018 వరదల తర్వాత పేపర్ల నిండా ఇదే. ఒడిశాలో 1999 తుపాను తర్వాత కనిపించింది. మేడం గోడ మీది మ్యాపు దగ్గర నిలబెట్టి చూపించారు. పైన ఒడిశా, కింద తమిళనాడు, సముద్రానికి అవతల అండమాన్. మధ్యలో మన తీరం. "మనల్ని ఎందుకు వదిలేస్తుంది? మనం వెతకలేదంతే" అన్నారు. మన దగ్గర్నుంచి ఓడ ఎక్కి పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళి పని చేసుకునే కుటుంబాలు ఎన్నో. అక్కడి జబ్బు మనకి కొత్త అనుకోవడంలో అర్థం లేదని నాకూ అనిపించింది.

జబ్బు సంగతి కొంచెం చెప్పాలి. లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి మెలితిప్పిన సన్నటి దారప్పోగులా ఉంటుంది. కొస కొక్కెంలా వంగి ప్రశ్నార్థకంలా కనపడుతుంది కాబట్టే అందులో ఒక జాతికి ఇంటెరోగాన్స్ అని పేరు పెట్టారు. కామెర్లతో వచ్చే తీవ్రమైన రూపాన్ని 1886లో జర్మన్ డాక్టరు అడాల్ఫ్ వైల్ వర్ణించారు. సూక్ష్మజీవిని 1915లో జపాన్ శాస్త్రవేత్తలు ఇనాడా, ఇడో బొగ్గు గని కార్మికుల రక్తంలో పట్టుకున్నారు. ఎలుక, పందికొక్కు, కుక్క, పంది, ఆవు, గేదె, వీటి మూత్రపిండాల్లో ఇది చేరి మూత్రంతో బయటికి వస్తుంది. ఎలుకకి దీనివల్ల పెద్ద ఇబ్బందేమీ ఉండదు. మూత్రం కలిసిన నీళ్ళలో, తడి మట్టిలో వారాల తరబడి బతుకుతుంది. ఎండ తగిలి ఆరిపోతే చచ్చిపోతుంది. మనిషికి కాలి గాయంలోంచో, నీళ్ళలో నాని మెత్తబడిన చర్మంలోంచో, కంటిలోంచో, నోట్లోంచో లోపలికి పోతుంది. సోకిన వాళ్ళలో చాలామందికి ఏమీ తెలియదు, లేదంటే నాలుగు రోజులు ఒళ్ళునొప్పులూ జ్వరమూ వచ్చి పోతుంది. కొద్దిమందికి మాత్రం కిడ్నీలు, కాలేయం, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ప్రపంచం మొత్తం మీద ఏటా పది లక్షల మందికి పైగా జబ్బు పడుతున్నారనీ, 58,900 మంది దాకా చనిపోతున్నారనీ 2015లో అంచనా వేశారు.

రక్తంలో గుర్తులు అంటే యాంటీబాడీలు, సూక్ష్మజీవి సోకినప్పుడు దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసుకునే ప్రొటీన్లు. ఐజీఎం ఉంటే ఈ మధ్యే సోకినట్టు, ఐజీజీ ఉంటే ఎప్పుడో సోకిపోయినట్టు, స్థూలంగా. మేం రెండూ చూడాలనుకున్నాం.

ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చేసరికి జూన్ దాటింది. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి కదా, మొదటి ప్రతిలో ‘ఈ రక్తరస అధ్యయనమందు స్వచ్ఛందముగా పాల్గొనుటకు’ అని ఉంది. చదివి వినిపిస్తే మా అమ్మకే అర్థం కాలేదు. మేడం, నేను ఒక సాయంత్రం కూర్చుని మళ్ళీ రాశాం. "మీ చేతి నుంచి ఒక చెంచాడు రక్తం తీస్తాం. ఎలుకల వల్ల వచ్చే జ్వరం మీకు ఎప్పుడైనా సోకిందా అని చూస్తాం. ఇష్టం లేకపోతే ఇవ్వక్కర్లేదు, మీకు రావాల్సినవేవీ ఆగవు." ఆ చివరి వాక్యం ఎంత ముఖ్యమో తర్వాత తెలిసింది.

పల్లెలు పద్మనాభం, ఆనందపురం వైపు. చీటీలు వేసి ఎంచిన ఊళ్ళు. ఊరికి పది గంటలకి వెళ్తే ఇళ్ళలో ముసలివాళ్ళూ, పిల్లలూ తప్ప ఎవరూ ఉండరు. మొదటి రోజు అదే జరిగింది. పొలంలో తడిసే వాళ్ళని వదిలేసి ఇంట్లో కూర్చున్న వాళ్ళ రక్తం తీసుకెళ్తే, ఆ ఊళ్ళో జబ్బు లేదని తేలుతుంది. అది అబద్ధం. రెండో రోజు నుంచి తెల్లవారుజామున మూడున్నరకి లేచి, ఐదున్నరకల్లా ఊళ్ళో ఉన్నాం. ఉభాల రోజులు, అంటే వరి నాట్లు వేసే రోజులు. ఆడవాళ్ళు చీర ఎగ్గట్టి గుంపులుగా బయల్దేరే ముందు రామకోవెల అరుగు మీద మా టేబులు. ఆశా అక్క పక్కన నిలబడి ఒక్కొక్కరినే పిలిచేది.

"ఏటమ్మా, ఇంత రగతం తీసేత్తే నీరసం వచ్చీదా?" అని అందరూ అడిగేవారు. "చెంచాడే వదినా, సాయంత్రానికి ఊరిపోద్ది" అని ఆశా అక్క నచ్చజెప్పేది. ఇంట్లో ఎలుకలున్నాయా అని ఫారంలో ఒక ప్రశ్న ఉంది. ఒకావిడకి కోపం వచ్చింది, మా ఇల్లు అంత అశుభ్రంగా కనిపిస్తోందా అని. నిజమే, అడిగే తీరు అది కాదు. ‘ఈ ఏడు ఎలకల బెడద ఎలా ఉంది’ అని మార్చాను. అప్పుడు చెప్పడం మొదలెట్టారు. గాదె కింద, పశువుల సాలలో, గడ్డివాములో, గట్ల మీద బొరియల్లో. వరి పొట్ట మీదున్నప్పుడు ఎలకలు ఎంత పాడు చేస్తాయో చెప్పారు. ఎలక మూత్రం సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్ళ లెక్కలో ఎలక పంట దొంగ మాత్రమే.

ఒక మామ్మ గుర్తుండిపోయింది. డెబ్భై దాటి ఉంటాయి. ఇంకా నాట్లకి వెళ్తోంది. చేతి నరం దొరకడం లేదు, సన్నటి తాడులా పక్కకి జారిపోతోంది. గోరువెచ్చటి నీళ్ళ గుడ్డ వేసి, రబ్బరు కట్టు బిగించి, వంగి చూస్తుంటే ఆవిడ పాదాల మీద నా కళ్ళు పడ్డాయి. వేళ్ళ సందులు తెల్లగా నాని, పాసి, నాలుగో వేలి కింద చర్మం పొర విడిపోయి ఉంది. మడమల పగుళ్ళలో మట్టి నల్లగా గీతలు గీతలుగా. "నొప్పి లేదా మామ్మా?" అంటే, "బురదలో దిగితే తెలీదమ్మా, ఇంటికొచ్చాక మండుద్ది. ఏపనూనె రాత్తాను" అంది. పుస్తకంలో ‘దెబ్బతిన్న చర్మం ద్వారా ప్రవేశం’ అని ఒక లైను చదివాను. ఆ లైను ఇదేనని ఆ రోజు అర్థమైంది. సూది తీశాక దూది నొక్కి పట్టుకుని, లోపలికెళ్ళి నాకు చోడంబలి గ్లాసు తెచ్చింది. ఇంత పొద్దున్నే ఏం తినుంటావు అని.

రక్తం తీయడంతో పని అవదు. గొట్టాలు అరగంట కదలకుండా నిలబెడితే గడ్డ కడుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన లేత గడ్డిరంగు సీరం తేరుతుంది. దాన్ని చిన్న వయల్స్‌లోకి తీసి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. ఆటోలో గతుకుల రోడ్డు మీద ఎక్కువ ఊగితే ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రబడిపోతుంది, అది పరీక్షకి పనికిరాదు. అందుకే పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని.

అంత జాగ్రత్తపడీ ఒక తప్పు చేశాను. మూడో ఊరి గొట్టాలు ఐస్‌ప్యాకులు ఉన్న పెట్టెలో సర్దాను. లేబుళ్ళు రాసిన పెన్ను మామూలు ఇంకుది. మార్కరు ఆ పూట ఆరిపోయింది. సాయంత్రం మూత తీసేసరికి ఐసు కరిగిన నీళ్ళలో లేబుళ్ళు ఊడి అడుగున తేలుతున్నాయి. గొట్టాల మీద మిగిలిన చోట నీలం మరకలు. ఏది ఎవరిదో తెలియదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఊహించి రాసేద్దామా అన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చిందని ఒప్పుకుంటాను. మేడంకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నీ పారేద్దాం. ఎల్లుండి మళ్ళీ వెళ్దాం" అన్నారు.

మళ్ళీ ఆ అరుగు మీద కూర్చుని, మీ రక్తం నా తప్పు వల్ల పాడైపోయింది, ఇంకోసారి ఇస్తారా అని ఒక్కొక్కరినీ అడగడం నా ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికన్నా కష్టమైన పని. నలుగురైదుగురు ‘ఇవ్వం’ అన్నారు, వాళ్ళ మాట న్యాయమే. మిగతా అందరూ చేయి చాపారు. ఒకాయన, "తప్పు సెప్పీసినావు గాబట్టి ఇత్తన్నాం" అన్నాడు. ఆ రోజు నుంచి గొట్టం మీద మార్కరుతో నంబరు, దాని మీద పారదర్శకమైన టేపు, నోటుబుక్కులో మళ్ళీ అదే నంబరు.

సెప్టెంబరు చివర సిటీకి మారాం. రక్తం తీయడం తేలికవుతుందనుకున్నాను, ఇంకా కష్టమైంది. ఎంచిన వార్డుల్లో అపార్టుమెంట్లూ ఉన్నాయి, గెడ్డ పక్క ఇళ్ళూ ఉన్నాయి. అపార్టుమెంట్లలో గేటు దాటనివ్వరు. సచివాలయం ఏఎన్ఎం తోడొచ్చినా, ఇంటర్‌కమ్‌లోనే వద్దనేవారు. చివరికి ఆ బిల్డింగుల్లో మాకు రక్తం ఇచ్చింది వాచ్‌మన్ కుటుంబాలు, పనమ్మాయిలు. వాళ్ళ రక్తాన్ని ఆ కాలనీ ఖాతాలో రాస్తే లెక్క తప్పుతుంది. మేడం ప్రతి తలుపు దగ్గరా ‘నిరాకరించారు’ అని రాయించారు. అప్పుడు విసుగనిపించింది కానీ, ఎవరు ఇవ్వలేదో రాసుకోని సర్వేని నమ్మకూడదని ఇప్పుడు నేనే చెబుతాను.

గెడ్డ పక్క ఇళ్ళలో అలా కాదు. కుళాయి వచ్చే వేళకి వెళ్తే అందరూ బయటే ఉంటారు. వాన పడితే గెడ్డ పొంగి ఇంట్లోకి పిక్కలదాకా వస్తుంది. సామాన్లు మంచం మీదికి ఎక్కించి, నీళ్ళు తోడిపోసి, మర్నాడు ఆ నేల మీదే పిల్లలు ఆడుకుంటారు. ఒక ఇంట్లో రక్తం తీస్తుండగానే కాలువ గోడ మీద నుంచి పిల్లి అంత పందికొక్కు నడిచి వెళ్ళింది. దాన్ని ఎవరూ తల తిప్పి కూడా చూడలేదు. మా ఇంట్లో కూడా అంతే. చిన్నప్పుడు వాన వెలిశాక ఆ నీళ్ళలో కాగితం పడవలు వదిలాను. ఆ రాత్రి ఇంటికెళ్ళి నా రక్తం నేనే తీయించుకోవాలనిపించింది. కానీ నేను ఆ లిస్టులో లేను. లిస్టులో లేని వాళ్ళది కలపకూడదు.

కాలువల్లో సిల్టు తీసే వాళ్ళని వేరే గుంపుగా చూడాలన్నది ప్లాను. ఒక అన్న, నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద ఉంటాడు, ఫారం అంతా విని వద్దన్నాడు. సూది భయమా అన్నా అంటే నవ్వలేదు. "రిపోర్టులో ఏదో ఉందని వస్తే మేస్త్రీ రేపట్నుంచి రావద్దంటాడమ్మా. కాంట్రాక్టు పని మాది. జబ్బున్నోడిని ఎందుకు పెట్టుకుంటారు?" అన్నాడు. యాంటీబాడీ ఉంటే జబ్బున్నట్టు కాదు, మీ నుంచి ఎవరికీ అంటుకోదు అని చెప్పాను. మనిషి నుంచి మనిషికి సోకడం చాలా అరుదు, అది నిజం. "నీకు తెలుసు, నాకు తెలుసు. ఆడికి తెలుసేటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రిపోర్టులు ఎవరికి వాళ్ళకే, మూసిన కవరులో, ఇంటి దగ్గరే ఇవ్వాలని మేడం ఆ రోజు నిర్ణయించారు. ఆ తర్వాత ఆ గుంపులో కొందరు ఇచ్చారు. ఆ అన్న మాత్రం ఇవ్వలేదు. గమ్‌బూట్ల గురించి అడిగితే, ఇస్తారు కానీ లోతున్న చోట నీళ్ళు లోపలికే పోతాయి, అప్పుడు కాలు ఎత్తలేం, విప్పేసి దిగుతాం అన్నాడు. బూట్లు పంచామని రాసుకునే వాళ్ళు ఆ మాట వినాలి.

ఆ వార్డులోనే ఒక రోజు, పూర్ణా మార్కెట్‌లో మూటలు మోసే ఒకాయన అరుగు మీద ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. జ్వరం నాలుగో రోజు. దగ్గర్లో ఒక క్లినిక్‌లో ప్లేట్‌లెట్లు తగ్గాయి, డెంగీ అయ్యుంటుంది అన్నారట, డెంగీ టెస్టు మాత్రం నెగెటివ్. మేడం ఆయన కళ్ళు చూశారు. ఎర్రగా ఉన్నాయి, పుసులు లేవు. పిక్క మీద మెల్లగా నొక్కితే అంత బలమైన మనిషి కేక పెట్టాడు. ఈ జ్వరంలో కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. వెంటనే ఆటోలో పెద్దాసుపత్రికి పంపారు. కిడ్నీలు దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ అప్పటికే పెరిగి ఉంది. ఆ రోజు చేసిన ఐజీఎం నెగెటివ్! అయినా డాక్టర్లు ఆగకుండా యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలెట్టారు. రెండో వారం మళ్ళీ చేస్తే బలమైన పాజిటివ్. ఇది నాలాంటి ల్యాబ్ వాళ్ళు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. మొదటి నాలుగైదు రోజుల్లో యాంటీబాడీ ఇంకా తయారై ఉండదు. అప్పటి నెగెటివ్‌కి జబ్బు లేదని అర్థం కాదు. ఆయన బతికాడు, నెల తిరిగాక మళ్ళీ మూటలు ఎత్తాడు.

డిసెంబరులో టెస్టులు. యాంటీబాడీల్ని రంగు ద్వారా పట్టే ఎలైజా పరీక్ష ఇది, దాని ప్లేటులో 96 చిన్న గుంటలు ఉంటాయి. పలచన చేసిన సీరం వేసి, 37 డిగ్రీల దగ్గర ఉంచి, కడిగి, ఎంజైము కలిపిన ద్రవం వేసి, మళ్ళీ కడిగి, చివర రంగు ద్రవం వేస్తాం. యాంటీబాడీ ఉన్న గుంట మెల్లగా నీలంగా మారుతుంది. ఆపే ద్రవం వేయగానే ఆ నీలం పసుపైపోతుంది. మొదటి ప్లేటులో నీలం రావడం మొదలైనప్పుడు, నంబరు చూసి మనుషుల్ని గుర్తుపట్టకూడదని ఎంత అనుకున్నా నా వల్ల కాలేదు. ఆ నంబర్లన్నీ నేను మార్కరుతో రాసినవే.

పాజిటివ్ వచ్చిన సీరాల్లో కొన్నిటిని మ్యాట్ పరీక్షకి రెఫరెన్స్ ల్యాబ్‌కి పంపాం. ఈ జబ్బుకి అసలు ప్రామాణిక పరీక్ష అదే. బతికున్న లెప్టోస్పైరాల్ని రకరకాల తెగలవి పెంచి, వాటిలో సీరం కలిపి, డార్క్‌ఫీల్డ్ మైక్రోస్కోపులో చూస్తారు. నల్లటి తెర మీద వెండి పోగుల్లా కదులుతుంటాయి. యాంటీబాడీ ఉంటే గుంపులుగా అతుక్కుపోతాయి. ఈ సూక్ష్మజీవులు పెరగడానికే వారాలు పడుతుంది, అందుకే ప్రతి ల్యాబూ చేయలేదు. అక్కడో చిక్కుంది. ఒకరి సర్వేలో ఎలైజా, ఇంకొకరి సర్వేలో మ్యాట్, పాజిటివ్ అనడానికి ఒకరి గీత సీరాన్ని వంద రెట్లు పలచన చేసిన చోట (1:100), ఇంకొకరిది వేరే చోట. ఒకరు వానలకి ముందు తీస్తారు, ఒకరు తర్వాత. ఆ అంకెలు తెచ్చి ఫలానా ఊళ్ళో ఎక్కువ, ఫలానా పట్నంలో తక్కువ అని పోల్చడం కుదరదు. మేం పల్లెలో ఉభాలప్పుడు, సిటీలో వానలు వెళ్ళే ముందు తీశామని థీసిస్‌లో రాసుకున్నాం, అది మా సర్వేలో లోపమే.

శాతాలు మేడం చెప్పాల్సినవి, ఇంకా అచ్చు కాలేదు. ప్లేట్ల మీద నా కళ్ళతో చూసింది మాత్రం చెబుతాను. పల్లెల్లో పసుపు గుంటలు అన్ని ఊళ్ళలోనూ చల్లినట్టు పడ్డాయి. నాట్లు వేసే ఆడవాళ్ళు, పశువుల సాల ఊడ్చే వాళ్ళు, గట్లు చెక్కే వాళ్ళు. సిటీలో కొన్ని వార్డుల ప్లేట్లు దాదాపు తెల్లగా ఉండిపోయాయి. గెడ్డ సందుల ప్లేటు వచ్చేసరికి వరసలో పక్కపక్క గుంటలు పసుపెక్కాయి. పక్కపక్క గుంటలంటే పక్కపక్క ఇళ్ళు. ఈ రెండు రకాల వార్డుల్నీ కలిపి సగటు తీస్తే ‘పట్నంలో తక్కువ’ అని వస్తుంది. ఆ సగటు గెడ్డ పక్క వాళ్ళకి అన్యాయం చేస్తుంది. పల్లె, పట్నం అన్న గీత కాగితం మీద ఉంది. తడిలో కాళ్ళు పెట్టక తప్పని వాళ్ళు ఎవరన్నదే ప్లేటులో కనిపించింది.

ఇంకొకటి. ఇంతమంది ఆరోగ్యంగా తిరుగుతున్న మనుషుల్లో పాత గుర్తులు ఉన్నాయంటే, రేపు జ్వరంతో వచ్చిన వాడికి ఒక్క టెస్టు కొద్దిగా పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇదే జ్వరమని తేల్చేయలేం. ఐజీఎం కూడా కొందరిలో నెలల తరబడి ఉండిపోతుంది. వారం పది రోజులు ఆగి రెండో శాంపిల్ తీసి పెరిగిందా అని చూడాలి, రోగి కళ్ళు, పిక్కలు, మూత్రం, చేసే పని అన్నీ చూడాలి. ఈ మాట ఇప్పుడు మా ల్యాబ్‌కి వచ్చే ప్రతి జూనియర్ డాక్టరుకీ చెబుతున్నాను. కాలువలో దిగానన్నా, నాట్లకి వెళ్ళానన్నా చీటీ వెనక రాసి పంపమంటున్నాను. కొందరు రాస్తున్నారు.

ఫిబ్రవరిలో కవర్లు ఇవ్వడానికి ఊళ్ళకి వెళ్ళాం. ఐజీఎం ఉన్న వాళ్ళని ముందే పీహెచ్‌సీకి పంపించి చూపించాం. వరదలప్పుడు కేరళలో చేసినట్టు వారానికోసారి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర ఇవ్వొచ్చా అని ఆశా అక్క అడిగింది. అది డాక్టరు చెప్పి, అవసరమైన రోజుల్లోనే, ఎవరికి వాళ్ళు కొనుక్కు మింగేది కాదు అని మేడం వివరించారు. వేళ్ళ సందులు పాసిన వాళ్ళు పొలంలో దిగే ముందు, వచ్చాక ఏం చేయాలో చూపించారు. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పుండుంటే మూసి కట్టు కట్టడం.

మామ్మ కవరు నా చేతిలోనే ఉంది. ఐజీజీ పాజిటివ్. అరుగు మీద పక్కన కూర్చుని చెప్పాను. ఇది జబ్బు కాదు మామ్మా, ఎప్పుడో వచ్చి పోయిన గుర్తు.

"ఎప్పుడొచ్చిందమ్మా?"

రక్తం ఆ సంగతి చెప్పదు అన్నాను. ఆవిడకి ఆ జవాబు నచ్చలేదు. వేళ్ళు మడిచి జ్వరాలు లెక్కపెట్టడం మొదలెట్టింది. పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు ఒకటి. గేదె చచ్చిపోయిన ఏడు ఒకటి, అప్పుడు కళ్ళు ఎర్రగా అయిపోయాయట. హుద్‌హుద్ తుపాను తర్వాత కరెంటు లేని రోజుల్లో ఒకటి, పిక్కలు పట్టేసి వారం లేవలేదట, ఆర్ఎంపీ రెండు ఇంజెక్షన్లు చేశాడట. మేడం నోటుబుక్కు తీసి, ఏ ఫారంలోనూ చోటు లేని ఆ జ్వరాలన్నీ ఒక్కొక్కటే రాసుకుంటున్నారు. మామ్మ నాలుగో వేలు మడిచి, ఆ ఏడు ఏదా అని కోడల్ని కేకేసింది.